మానిటర్ మీద తువ్వాలు

మా నాన్న మీద దొంగతనం మోపి ఉంటే ఊరు ఒక పంట తిరిగేలోగా మరిచిపోయేది. తాగుడు మోపితే ఇంకా ముందే మరిచిపోయేది, నిలదీసేవాళ్ళలో సగం మందికి ఆ అలవాటు ఉంది కాబట్టి. కానీ మోపింది బూతు బొమ్మలు. అదీ చర్చి కంప్యూటర్లో. దాన్ని ఎవరూ మరవలేదు. కోపం చల్లారాక ఇది రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చల్లారలేదు.

పలాస నుంచి ఆటోలో వెళ్తే, జీడితోటలు మొదలయ్యే చోట మా ఊరు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు చాలామంది పలాస ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కొట్టేవాళ్ళు. మా అమ్మ కూడా. నాన్న చిన్న పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు. చర్చిలో ఆయనకొక గౌరవం ఉండేది. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనని మేము బల్ల అంటాం. ఆ రోజు రొట్టె పళ్ళెం పట్టుకుని బెంచీల మధ్య నడిచేది మా నాన్నే. ఇస్త్రీ చొక్కా ఆ ఒక్కరోజే వేసుకునేవాడు. ఆయన జీవితంలో అంతకు మించిన పదవి లేదు, ఆయన కోరుకోనూ లేదు.

నేను టెక్కలిలో డిగ్రీ చదివే రోజుల్లో, అంటే రెండువేలు దాటి కొన్నేళ్ళయ్యాక, మా సంఘాన్ని చూడ్డానికి వచ్చిన విదేశీయులు ఒక పాత కంప్యూటర్ ఇచ్చి వెళ్ళారు. పాస్టరు గారి ఇంటి పక్క గదిలో పెట్టారు. ఫోను తీగ తగిలించి నెట్ పెట్టించారు. పెద్దలంతా దాని ముందు నిలబడి ఫోటో దిగారు, ఆ తర్వాత ముట్టుకోవడానికి భయపడ్డారు. ముట్టుకున్నది నాన్న ఒక్కడే. రెండు వేళ్ళతో ఆదివారం కార్యక్రమం, పాటల కాగితాలు టైపు చేసేవాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రసంగం అయ్యాక పాస్టరు గారు కళ్ళు మూసుకుని అడుగుతారు, లోపల మురికి ఉన్నవాళ్ళు లేచి నిలబడండి అని. లేవనివాళ్ళు మంచివాళ్ళని కాదు అర్థం, గర్విష్ఠులని. నాన్న ప్రతిసారీ లేచేవాడు. ఆయనకేం పాపాలుంటాయి? బళ్ళో ఒక పిల్లాడి మీద అరిచి ఉంటాడు. పక్కింటి చేపల పులుసు వాసనకి నోరూరి ఉంటుంది. నేను చాటుగా నవ్వుకునేదాన్ని. మురికి ఉందని ఎవరు చెప్పినా నమ్మడం ఆయనకి ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కంప్యూటర్ చెప్పినా నమ్మాడు.

నెట్ తెరిచి ఏదో బైబిల్ వాక్యం వెతుకుతున్నప్పుడు తెర మధ్యలో ఎర్రటి డబ్బా ఒకటి దూకింది. మీ కంప్యూటర్‌లో మురికి చేరింది, ప్రమాదంలో ఉన్నారు, ఇప్పుడే శుభ్రం చెయ్యమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. అవును, కాదు అని రెండు బటన్లు. అది యాంటీవైరస్ వేషం వేసుకున్న వైరస్. ఆ రోజుల్లో లోకమంతా తిరిగేది. తెలిసినవాళ్ళు ఏ బటనూ నొక్కకుండా పై మూలనున్న గుర్తుతో మూసేస్తారు.

నాన్న అవును నొక్కాడు. ఎందుకు నొక్కావని తర్వాత అడిగితే ఆయన చెప్పిన కారణం ఇది.

"మురికుందని సెప్పినప్పుడు లేదనడం గర్వం కదమ్మా. శుభ్రం సేత్తానంటే వద్దంటామేటి?"

ఆ శనివారం సాయంత్రం పాస్టరమ్మ గారూ, మా పెద్ద మావా పాటల కాగితాల కోసం గదిలోకి వచ్చారు. మావ అంటే మా అమ్మకి అన్న. రైల్వేలో చేసి రిటైరై, సంఘానికి పెద్ద అయినవాడు. సరిగ్గా వాళ్ళు గుమ్మంలో ఉండగా తెర మీద బట్టల్లేని ఆడదాని బొమ్మ తెరుచుకుంది. మూస్తే ఇంకోటి. అది మూస్తే మరో రెండు. నాన్నకి మూయడం చేతకాలేదు, ఆపడం గుర్తుకు రాలేదు. పాస్టరమ్మ గారి కళ్ళ పడకూడదని భుజం మీది తువ్వాలు తీసి మానిటర్ మీద కప్పేశాడు.

మర్యాదస్తుడు చేసే పని అది. దానికే ఆయన్ని ఉరి తీశారు.

పెద్దల కూడికలో మావ ఒక్క ప్రశ్న అడిగాడు. "తప్పు సెయ్యనోడు గుడ్డెందుకు కప్పుతాడు బావా? నానైతే ఇదేటని అరుత్తాను."

నాన్న, దాని పాటికి అదే వచ్చిందన్నాడు. మావ పకపకా నవ్వాడు. "టీవీ దాని పాటికదే ఛానల్ మారుత్తాదేటి?" అన్నాడు. కూడిక అంతా నవ్వింది. వాళ్ళలో మౌసు పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. తీర్పు మాత్రం చిటికెలో వచ్చింది. నాన్న చేతిలో పళ్ళెం మావ చేతికి వెళ్ళింది. పళ్ళెం పట్టడమే కాదు, రొట్టె తినడం కూడా లేదు. తప్పు ఒప్పుకునేదాకా బల్లకి దూరం అన్నారు.

పై నెల బల్ల ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళాడు. పళ్ళెం పట్టుకున్న మావ మా బెంచీ దగ్గర, నాన్న మోకాళ్ళ ముందు నుంచి చెయ్యి చాపి అవతలి మనిషికి ఇచ్చాడు. ఆకలి వేసిన పిల్లాడిలా నాన్న ఆ పళ్ళెం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు చూశాక నాకు ఊరంతా తగలబెట్టాలనిపించింది.

నేను డిగ్రీలో చదివేది కంప్యూటర్లే. కూతురి మాట పెద్దలు వినరని ఊరికే ఉండలేదు. పలాసలో నెట్ సెంటర్‌కి వెళ్ళాను. యాంటీవైరస్‌ల గురించి ప్రపంచంలోని మేధావులంతా వాదించుకునే ఒక చర్చావేదిక కనిపెట్టాను. నాకొచ్చిన ఇంగ్లీషులో జరిగింది రాసి, ఒకటే అడిగాను. మనిషి ఏ చెడ్డ సైటుకీ వెళ్ళకుండా ఇలాంటి బొమ్మలు వస్తాయా, రావా? తెలిసినవాళ్ళు వస్తాయని ఒక్క మాట రాస్తే దాన్ని తీసుకెళ్ళి పెద్దల ముందు పెడదామని నా ఆశ.

మొదటివాడు నా ఇంగ్లీషు దిద్దాడు. రెండోవాడు ఏ యాంటీవైరస్ వాడుతున్నారని అడిగాడు. పేరు చెప్పాను. అంతే, చేపల బజారు మొదలైంది. అది చెత్త అని ఒకడు, నీది అంతకన్నా చెత్త అని ఇంకొకడు, డబ్బు పెట్టి కొన్నది తప్ప ఏదీ నమ్మకూడదని ఒకడు, కొన్నవే మనమీద నిఘా పెడతాయని ఒకడు. మెదడున్నవాడికి యాంటీవైరసే అక్కర్లేదని ఒక మహానుభావుడు రాస్తే దానికి చప్పట్లు. ఇండియా నుంచా, అయితే దొంగ సాఫ్ట్‌వేరే అయ్యుంటుందిలే అని మరొకడు. మా నాన్న వాళ్ళకి గుర్తే లేడు. గుర్తొచ్చినప్పుడు మాత్రం బాగా గుర్తొచ్చాడు. అన్ని యంత్రాల్లోనూ అసలు వైరస్ కుర్చీలో కూర్చున్నవాడే అన్నారు. కనపడ్డ బటనల్లా నొక్కేవాణ్ణి దేవుడు కూడా కాపాడలేడన్నారు. ఒకడు ఇలా రాశాడు: ప్రతి ఇంట్లో నాన్నలూ ఇదే చెబుతారు పాపా, ఏం వెతికాడో ఆయన్నే అడుగు. కింద పళ్ళికిలించే బొమ్మలు వరసగా.

నెట్ సెంటర్ కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఎక్కడో చలిదేశంలో కూర్చున్న వాళ్ళూ, జీడితోటల్లోని మా మావా ఒకే నోటితో మాట్లాడుతున్నారు. యంత్రం అబద్ధమాడదు, మనిషే ఆడతాడు. దీనికోసం అన్ని సముద్రాలు దాటాల్సిన పనేముంది, మా ఇంటి అరుగు మీదే దొరికేది.

ఆ తిట్ల నడుమ ఒకే ఒక్కరు సరైన జవాబు రాశారు. పేరుకి బదులు ఏవో అంకెలు, ముఖానికి బదులు పిల్లి బొమ్మ. మీ నాన్నగారు ఎక్కడికీ వెళ్ళి ఉండనక్కర్లేదు, శుభ్రం చేస్తానని నమ్మించి లోపలికొచ్చే దొంగ ఇది, భయపెట్టి నొక్కించినవాణ్ణి వదిలి నొక్కినవాణ్ణి తిట్టడం మనకి అలవాటైపోయింది, ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పండి అని రాశారు. వైరస్ తీసేసే పద్ధతి కూడా ఓపికగా వివరించారు. వెంటనే ఇద్దరు ఆ పిల్లి మీద పడ్డారు. వాదం ముదిరిపోయిందని వేదిక నడిపేవాళ్ళు ఆ చర్చకి తాళం వేశారు.

ఆ జవాబు ప్రింటు తీయించి మావ దగ్గరకి పరిగెత్తాను. మావకి ఇంగ్లీషు వచ్చు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"ఎవుడీ మనిషి?"

"తెలీదు మావా. కంప్యూటర్లు తెలిసినాయన."

"పేరు?"

"పేరుండదు మావా అక్కడ."

"పిల్లి బొమ్మెట్టుకుని, పేరు సెప్పుకోనోడు మీ బాబుకి సాక్షా?" కాగితం తిరిగిస్తూ నా తల నిమిరాడు. "మిగతావోళ్ళేటన్నారే? వోళ్ళూ తెలిసినోళ్ళే కదా. వోళ్ళ మాటలు అచ్చేయించనేదేటి?"

మా మావ తెలివితక్కువవాడని నేనెప్పుడూ అనలేదు. తెలివి లేనివాళ్ళు అంత క్రూరంగా ఉండలేరు.

పిల్లి చెప్పిన పద్ధతిలో ఆ గదికి వెళ్ళి వైరస్ తీసేస్తానని అడిగాను. పాపం ముట్టుకున్న యంత్రమని గదికి తాళం వేసేశారు. తర్వాత దాన్ని పాత సామాన్లకి అమ్మేశారని విన్నాను.

ఇంట్లో అమ్మ ఇంకో పక్కనుంచి నలిపేసింది. "ఒప్పీసుకో," అంది ఒకరోజు అన్నం పెడుతూ. "నానక్కడ పిక్క కొట్టలేకపోతన్నాను. కొట్టినప్పుడల్లా ఒకత్తి నవ్వుతాది. మీ ఆయన కొత్త బొమ్మలేటైనా సూపించినాడేటని అడుగుతాది. ఒప్పీసుకుంటే ఒక్కరోజు సిగ్గు. ఒప్పుకోకపోతే బతుకంతా సిగ్గు."

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటాడమ్మా?" అని నేను అరిచాను.

నాన్న అన్నం కలుపుతూ, "రొట్టె లేకుండా ఉండలేకపోతన్నానమ్మా," అన్నాడు. మాతో కాదు, కంచంతో అన్నట్టుగా.

తర్వాతి బల్ల ఆదివారం ఆయన లేచి ముందుకి నడిచాడు. పాస్టరు గారికి జాలేసింది. చూశానని చెప్పండి మాస్టారూ చాలు అన్నారు. మావకి చాలలేదు. "కావాలనే చూశానని అనాలి బావా. లేకపోతే ఒప్పుకోలు అవదు," అన్నాడు, పళ్ళెం పట్టుకోబోయే చేతులు శుభ్రంగా తుడుచుకుంటూ.

"కావాలనే చూశాను," అన్నాడు మా నాన్న.

ఒక్కసారి చర్చి అంతా కరిగిపోయింది. ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. పాట ఎత్తుకున్నారు. మావ నాన్నని కౌగిలించుకున్నాడు. మా సంఘం మా నాన్నని అంతగా ప్రేమించింది ఆ పూటే, ఆయన అబద్ధమాడిన పూట. ఆయన రొట్టె ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పళ్ళెం మాత్రం మావ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని తిరిగివ్వాలని ఎవరికీ తోచలేదు.

ఒక్కరోజు సిగ్గు అంది అమ్మ. ఆమె వేళ్ళకి పట్టిన జీడి మరక చర్మం ఊడితే తప్ప పోదని ఆమెకి తెలుసు. అయినా ఆ మాట అంది.

కొన్నేళ్ళు గడిచాయి. నేను టెక్కలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. మా చర్చిలో పాటల కాగితాలు పోయి, గోడ మీద పాటలు పడే ప్రొజెక్టర్ వచ్చింది. దానికి తగిలించేది మావ ల్యాప్‌టాప్. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. ఒక బల్ల ఆదివారం పాట రెండో చరణంలో ఉండగా గోడంతా నిండిపోయేలా బొమ్మ తెరుచుకుంది. మూస్తే ఇంకోటి. తల్లులు పిల్లల కళ్ళు మూశారు. నాకు మాత్రం లోపల పండగలా ఉంది. ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాను.

మావ రెండు చేతులూ పైకెత్తాడు. "వైరస్సండీ, వైరస్సు! దాని పాటికదే వచ్చీసింది!"

"వైరస్సంట, వైరస్సంట," అని బెంచీల వెంట మాట పాకింది. అందరూ నమ్మారు. చక్కగా, ఒక్క ప్రశ్న లేకుండా, ఒక్క సాక్షి లేకుండా నమ్మారు. మావ బటన్ల మీద కొడుతూనే ఉన్నాడు, బొమ్మలు ఆగడం లేదు. అప్పుడు వెనక బెంచీల నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"మాస్టారు గానీ దాన్ని ముట్టుకున్నారేటి?"

తలలన్నీ నాన్న వైపు తిరిగాయి. నాన్న లేచాడు. ఇప్పుడైనా నోరు తెరుస్తాడనుకున్నాను. ఆయన నెమ్మదిగా నడిచి వెళ్ళి, భుజం మీది తువ్వాలు తీసి ప్రొజెక్టర్ అద్దానికి అడ్డం పెట్టాడు. గోడ చీకటైంది. ఎవరో తీగ పీకేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"బావకి అలవాటైన పనే," అన్నాడు మావ. చర్చి ఘొల్లున నవ్వింది. నాన్న కూడా నవ్వుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఆరాధన సాగింది. మురికి ఉన్నవాళ్ళు నిలబడండి అంటే నాన్న నిలబడ్డాడు. మావ పళ్ళెం పట్టుకుని మా బెంచీకి వచ్చాడు. నాన్న ముక్క తీసుకున్నాడు. నేను చెయ్యి చాపలేదు.

"ఏటే, తీసుకోవేటి? నీకేటి పాపం తగిలింది?" అని మావ గుసగుసగా అడిగాడు.

"నాకే పాపమూ లేదు మావా," అన్నాను, అందరికీ వినబడేలా.

మా చర్చిలో ఆ మాట ఎవరూ అనరు. నాన్న నా మోచెయ్యి పట్టుకుని, అలా అనకూడదమ్మా, తప్పని ఒప్పీసుకో అన్నాడు. మావ నా మోకాళ్ళ ముందు నుంచి చెయ్యి చాపి, పళ్ళెం పక్కవాళ్ళకి అందించాడు.