మిగిలిన చక్కెర పేర్లు

నాలుగో తరగతిలోనే నేను బడి మానేశాను. దానివల్ల బడికి నష్టమేమీ జరగలేదు. మా పంతులుగారి చేతినొప్పి మాత్రం ఆ వారమే తగ్గిందట. మిగతా చదువంతా మగ్గం దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అందుకే నాకు తెలియని సంగతి లేదని ఇప్పటికీ నా నమ్మకం.

పెళ్లయ్యాక మొదటి కాముని పున్నానికి, అదే హోలీకి, ఆదిలాబాద్ వైపు ఉండే మా అత్తగారివాళ్లు కరీంనగర్‌లోని మా ఇంటికి కొత్త అల్లుడి మర్యాద పంపించారు. ఎండుకొబ్బరి కుడుకల దండలు, వాటితోపాటు పాకం అచ్చుల్లో పోసి దారానికి గుచ్చిన చక్కెర పేర్లు. అన్నీ వేసుకుంటే నా మెడ కనిపించలేదు. పండుగ అయ్యాక కుడుకలు కూరల్లోకి పోయాయి. పేర్లు మాత్రం ఎంత నమిలినా మిగిలాయి.

"ఇగ ముట్టకు," అంది నా భార్య. "ఉగాదికి మా బాపు వస్తుండు. గీ పేర్లు దంచి బచ్చాలు చేస్త. బాపు మనింట్ల నా చేతి వంట తినుడు గిదే మొదలు."

బచ్చాలకు, అదే బొబ్బట్లకు, చక్కెర కావాలి; కంట్రోలు దుకాణంలో కూడా అది దొరకని రోజులవి. ఆమె పరువంతా ఆ పేర్లలోనే ఉంది.

నేను ముట్టలేదు. చీమలు ముట్టాయి. డబ్బాలో పెడితే డబ్బాలో దూరాయి, ఉట్టి మీద పెడితే ఉట్టెక్కాయి. ఆమె పరేషాన్ అయింది.

"ఫికర్ చెయ్యకు, నేనున్న గద!" అన్నాను.

నేతగాడి ఇంట్లో నూలుకు కరువా? నాలుగు పోగులు కలిపి పేని, కందీలు దీపంలో పోసే గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, ముంచి, ఆ తాడుతో పేర్ల మూటను దూలానికి వేలాడదీశాను. ఆ తర్వాత ఒక్క చీమ దిగితే ఒట్టు. వాడకట్టంతా పిలిచి చూపించాను.

ఉగాది పొద్దున ఆమె మూట విప్పి ముక్కు మూసుకుంది.

"కందీలు వాసనొస్తుంది!"

నూలు గంజి తాగడం పుట్టినప్పటినుంచి చూస్తున్నవాణ్ణి. అదే నూలు గ్యాసునూనె కూడా తాగి, మెల్లగా మూటలోకి దింపుతుందని తట్టలేదు.

"పొయ్యి మీద పెడితే వాసన ఎగిరిపోతది," అన్నాను, ఏమాత్రం తగ్గకుండా. ఇంట్లో వేరే చక్కెర లేదు. చేసింది.

మామ మొదటి బచ్చం కొరికి ఒక క్షణం ఆగాడు. బిడ్డ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. ఆ బచ్చం పూర్తిచేసి, ఇంకోటి అడిగి మరీ తిన్నాడు. "మంచిగైనయి బిడ్డా," అని చెంబెడు నీళ్లు తాగాడు. అరుగు మీదికి పోయి బీడీ నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల తీసి, ఏం తోచిందో, రెండూ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆయన బస్సెక్కాక నేను మళ్లీ రొమ్ము విరిచాను. "ఏదేమన్న గాని, ఒక్క చీమన్న ముట్టిందా, చెప్పు?"

"ఎందుకు ముడుతయి? చీమలకు నువ్వు అల్లునివి కావు గద," అంది. "మా బాపుకు అయితివి, తిన్నడు."