ఈశాన్యపు పొయ్యిలో బావగారి అరలు

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో నివసించే మా బావగారు గత నెలలో ఒక మధ్యాహ్నం, మేడ మీది ఆఫీసు గదిలో, వీడియో సమావేశం నడుస్తుండగా గుండె ఆగి కన్నుమూశారని తెలియజేయడానికి విచారిస్తున్నాను. కెమెరా ఆపి ఉన్నందువల్ల సహోద్యోగులకు విషయం తెలియలేదు. కొత్త గడువుపై ఎవరికైనా అభ్యంతరాలున్నాయా అని అడిగినప్పుడు ఆయన పలకకపోవడాన్ని సమావేశం అంగీకారంగా స్వీకరించింది. భోజనానికి పిలవడానికి మేడెక్కిన మా అక్క కేక వేశాకే అంగీకారం ఉపసంహరించబడింది.

ఆయన వదిలి వెళ్ళినవాటిలో వివాదాస్పదమైనది ఒక్కటే. అది హాల్లోని ఫైర్‌ప్లేస్, అంటే చలి కాచుకోవడానికి గోడలో కట్టిన పొయ్యి.

అమెరికాలో ఇల్లు కొనుక్కునే మనవాళ్ళకు ఫైర్‌ప్లేస్ అడగకుండానే వచ్చిపడుతుంది. బావగారింట్లో అది ఈశాన్యం మూలకు వచ్చింది. నీళ్ళు ఉండాల్సిన చోట నిప్పు. ఆ ఇంట్లో చేరింది మొదలు ఎదురైన ఆటంకాలన్నిటికీ, గ్రీన్‌కార్డు వరుస ముందుకు జరగాల్సింది పోయి వెనక్కి జరగడంతో సహా, అక్క ఆ పొయ్యినే బాధ్యురాలిని చేసింది. కాపురానికి వచ్చాక ఒక్కసారి కూడా వెలిగించని పొయ్యికి అంత సామర్థ్యం ఉండటం గమనార్హం. ఇటుకలతో మూయించెయ్యమని ఆమె కోరిక. ఆ కోరికను బావగారు ఏళ్ళ తరబడి పరిశీలనలో ఉంచారు.

చివరికి ఆయన వెలువరించిన నిర్ణయం ఎవరూ ఊహించనిది. పొయ్యిలో అరలు కట్టి, టీవీ డబ్బా, రూటరు, స్పీకర్ల యంత్రం అన్నీ అందులో పెడతారు. ప్రతి అరా సొరుగులా ముందుకు వస్తుంది. పొగగొట్టానికి లోపలి నుంచి చెక్కమూత వేస్తారు.

"అవి మాత్రం వేడెక్కవా? అదీ అగ్నే కదా!" అంది అక్క.

బావగారు నా వైపు తిరిగి, "వేడెక్కుతాయోయ్, మండవు. మీ అక్కలాగే" అన్నారు.

ఆ క్షణం నుంచి ఆ అరలను చేత్తో ముట్టనని అక్క ప్రకటించింది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ప్రకటనకు కట్టుబడింది.

సహాయకుడిగా నా నియామకం గురించి కూడా ఇక్కడ చెప్పాలి. అప్పుడు నా ఉద్యోగం పోయింది. వీసా గడువు కరుగుతోంది. నేనుండే అల్ఫారెట్టాలో తెలిసినవాళ్ళంతా ఫోన్ చేసి, "ఏమైనా కాల్స్ వస్తున్నాయా?" అని సానుభూతితో నన్ను పూర్తిగా నీరసపరిచేవారు. బావగారు ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు. సాయంత్రం కాగానే ఫోన్ చేసి, "రా, టార్చ్ పట్టుకోవాలి" అనేవారు. వెళ్ళేవాణ్ణి. ఆయన పొయ్యిలోకి తల దూర్చి, "కొంచెం కుడికి... ఇంకొంచెం... అదీ!" అనేవారు. ఆ రోజుల్లో నన్ను చూసి "అదీ!" అన్న మనిషి ఈ దేశంలో ఆయనొక్కరే. మళ్ళీ ఉద్యోగం దొరికిన రోజు కూడా ఆయన "మంచిది, స్క్రూ అందుకో" అన్నారు. నేనాశించినదీ అదే.

పనిలో ఆయన వేగం ప్రభుత్వ శాఖలకు ఆదర్శప్రాయం. ఒక అర బిగించి, నాలుగు రోజులు దాన్ని చూస్తూ టీ తాగేవారు. ఒకసారి అన్ని అరలూ ఒకేసారి బయటికి లాగితే మొత్తం చట్రం ఆయన ఒళ్ళోకి వాలింది. "ఒకటి బయటికొస్తే మిగతావి లోపలుండాలి. ఆఫీసులో సెలవుల్లాగే" అని అప్పుడే సూత్రీకరించారు. ఇంకోసారి వైరు పొట్టిదన్న సంగతి మరచి రూటరు అరను లాగారు. అదే సమయానికి అక్క వంటింట్లో ఫోన్ ముందు చేతులు జోడించి, విజయవాడలో జరుగుతున్న సత్యనారాయణ వ్రతం చూస్తోంది. సరిగ్గా ప్రసాదం ముందు వ్రతం ఆగిపోయింది. ప్రసాదం ముట్టకుండా లేచినవాళ్ళకు ఏమవుతుందో ఆ కథ విన్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అక్క మాత్రం బావగారికి చెప్పింది, చాలాసేపు.

"ఇంత శ్రమెందుకు బావగారూ, టేబుల్ మీదే ఉండనివ్వచ్చుగా?" అని నేను అలసిపోయి అడిగితే ఒకే సమాధానం వచ్చేది: "వస్తువు మన దగ్గరికి రావాలోయ్. మనం దాని దగ్గరికి పాక్కుంటూ వెళ్ళకూడదు."

పెద్దకర్మ ముగిసిన మర్నాడు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆ చెక్కలు వచ్చి పీకెయ్యరా."

స్క్రూడ్రైవరుతో వెళ్ళాను. విజయవాడ నుంచి బావగారి పిన్ని, అక్కకు చిన్నత్తయ్య, తీర్పు పంపారట: ఈశాన్యంలో నిప్పు ఉండటమే తప్పు, అందులో ఇనప సామాను దోపి ఇంటి యజమాని మీదికి తెచ్చుకున్నారు.

"పొయ్యి సంగతి చూడమని ప్రాణం తీసింది నేనేగా. నోరు మూసుకుని ఉంటే దాని జోలికి వెళ్ళేవాడా? నిజంగా దానివల్లేనేమోరా" అంది అక్క. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా అయిపోయినట్టుంది. టార్చ్ ఆమెకిచ్చి, పొయ్యి ముందు ఆమె రోజూ కూర్చునే కుర్చీ వేసి కూర్చోమన్నాను. వైర్లు కనబడాలంటే రూటరు అర బయటికి రావాలి.

"లాగక్కా" అన్నాను, ఆమె ప్రకటన మరచిపోయి.

ఆమె ఒక్క వేలితో లాగింది. అర చప్పుడు లేకుండా వచ్చి, ఆమె మోకాళ్ళకు తగలకుండా, చేతికి అందేంత దూరంలో ఆగింది. వంగక్కర్లేదు, లేవక్కర్లేదు.

అక్క దాన్ని లోపలికి తోసింది. మళ్ళీ లాగింది.

"ఇది నా కుర్చీకి కొలిచాడ్రా" అంది నెమ్మదిగా. "టీవీ బల్ల వెనక్కి పాకి ఈ రూటరు ఆపి, వేసి, మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయానే, ఆ మర్నాడు. ఇదే కుర్చీలో నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే టేపు పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఏంటండీ అంటే, గోడ కొలుస్తున్నా అన్నాడు."

అంటే నా ప్రశ్నకు ఇన్నాళ్ళూ వచ్చిన సమాధానంలో 'మనం' అన్నది మర్యాదార్థమని, అందులో ఉన్నది అక్క ఒక్కతేనని అప్పుడు నాకు బోధపడింది.

ఫోన్ మోగింది. స్పీకరులో చిన్నత్తయ్యగారు: "తీయించావుటే అమ్మాయ్?"

"లేదండీ చిన్నత్తయ్యగారూ."

"అదేమిటే! ఈశాన్యం..."

"ఆయన పోయింది ఈశాన్యంలో కాదండీ. మేడ మీద నైరుతి గదిలో. యజమాని అక్కడే కూర్చోవాలని మీరే చెప్పారు, అక్కడే కూర్చోబెట్టాను." అక్క అర మీద చెయ్యి ఆనించింది. "ఇది నా మోకాళ్ళ కోసం చేశారండీ. ఉంచుతున్నాను" అని అక్క ఫోన్ పెట్టేసింది.

నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను. అక్క ముందుకు వంగి, అర పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, పాత యజమానుల మంటలకు నల్లబడిన ఇటుకను వేలికొసతో రుద్దింది. ఆ మసితో, పసిపిల్ల బుగ్గకు పెట్టినట్టు, అర అంచున ఒక మూలగా దిష్టిచుక్క పెట్టింది.