కోదాడకు పోయిన జీపు

హవల్దారును బతికించినవి విమల చేతులేనని అందరూ చెబుతారు. మా పాత సైనికులు ఎక్కడ కలిసినా అదే కథ. సగం నిజం. మిగతా సగం వినే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి రాస్తున్నాను.

తొంభైల మొదట్లో, ఏప్రిల్ నెలలో, హుజూర్‌నగర్ దాటి మిర్యాలగూడ దారిలో చాలా దూరం పోయాక, ఒక రాళ్లగుట్ట కింద ఉన్న ఫైరింగ్ రేంజిలో దిగాం. కాలేజీ ఆడపిల్లలకు కూడా తుపాకీ శిక్షణ ఉందని ఇద్దరు సైనిక నర్సులను పంపారు. నేను, విమల. నాది కోదాడ, ఆమెది తెనాలి. పొద్దున్నే గుట్ట కాలిపోయేది. ఒక టెంటు, రెండు స్ట్రెచర్లు, కట్ల పెట్టె, సెలైన్ సీసాలు, ఒక జీపు. అదే మా సరంజామా.

రేంజి బాధ్యత సుబేదారుది, విజయనగరం మనిషి. ఎవరికైనా దెబ్బ తగిలితే మిర్యాలగూడ ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆయన ఉత్తర్వు. అదే దగ్గర. నేను మొదటిరోజే అడ్డం తిరిగాను.

“సార్, కోతలు నడుస్తున్నయ్. మిర్యాలగూడ మిల్లుల కాడ వడ్ల ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారు కడ్తయ్. జీపు కాదు గదా, సైకిల్ గూడ పోదు. కోదాడ పోదాం.”

“కోదాడ దూరం కదమ్మా!”

“దూరమే. కానీ చేరుతం.”

“మీ ఊరని చెబుతున్నావు.”

విమల కిసుక్కున నవ్వింది. “అక్కకి అమ్మ చేతి పచ్చిపులుసు గుర్తొచ్చినట్టుంది సార్!”

నవ్వితే నవ్వనీ. మర్నాడు డ్రైవరుతో రెండు రోడ్లూ తిరిగి చూశాను. మిర్యాలగూడ ముందు ఇరుక్కుని మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఆ మాట నేను కాదు, డ్రైవరు చెబితే సుబేదారు నమ్మాడు. “సరే, కోదాడే” అన్నాడు విసుగ్గా. ఇక జీపు ముక్కు కోదాడ వైపే. కూరగాయలకని కూడా కదలనివ్వలేదు. వంటవాడు నాకు ‘జీపు మేడం’ అని పేరు పెట్టాడు.

నాలుగో రోజు. గురిబోర్డులు మార్చేవాళ్లు గుంటలో ఉంటారు, తూటాలు వాళ్ల తలల మీదుగా పోతాయి. ఒక తూటా రాయికి తగిలి చీలింది. ముక్క గుంటలో ఉన్న హవల్దారు తొడలో దిగింది.

“కాల్పులు ఆపండి! గుంటలో ఒకరికి తగిలింది!” రేడియోలో కేక. ఎర్రజెండా లేచింది.

విమల నాకంటే ముందు చేరింది. ఆమె కాళ్లు పొడుగు. అదీ నాకు కంటగింపే. గాయంలో గుడ్డ కుక్కి రెండు చేతులతో నొక్కింది. నెత్తురు వేళ్ల సందుల్లోంచి ఉబికి, మెల్లగా తగ్గింది. స్ట్రెచర్ జీపెక్కింది. నేను సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాను.

“మిర్యాలగూడే దగ్గరక్కా! ఈయన ఆగలేడు!”

“నువ్వు చెయ్యి తియ్యకు. తొవ్వ సంగతి నేను సూస్కుంట. పోనియ్ అన్నా!”

జీపు ఎక్కడా ఆగలేదు. ఆగలేదు కాబట్టే ఎవరికీ గుర్తులేదు.

“ఇంకాస్త లేటయితే దక్కేవాడు కాదు. ఎవరమ్మా గాయం పట్టుకున్నది?” అన్నాడు కోదాడ డాక్టరు. అందరూ విమల వైపు చూశారు. నేనూ చూశాను, ఏం చేస్తాను?

సాయంత్రం నీళ్ల ట్యాంకరు అతను మిర్యాలగూడ నుంచి ఆలస్యంగా వచ్చాడు. “పొద్దటి సంది గా ట్రాక్టర్ల నడుమనే ఉన్న మేడం, పరేషాన్ అయిన” అన్నాడు. అతన్ని నేరుగా సుబేదారు ముందు నిలబెట్టాను. ఆయన విని, “అవునా” అని, అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

క్యాంపు ముగిసి సూర్యాపేట మీదుగా హైదరాబాదు చేరాం. విమలకు ప్రశంసాపత్రం వచ్చింది. హవల్దారు ప్రతి కొత్త సంవత్సరానికి ఆమెకు కార్డు పంపుతాడు. ఆమె నాకు ఫోన్ చేసి మరీ చదివి వినిపిస్తుంది. అసూయ అంటారా? అనండి.

కళ్లముందు నుంచి పోనిది ఒక్కటే. దవాఖాన వెనక విమల మోచేతుల దాకా ఎండిన నెత్తురు కడుక్కుంటోంది. కుళాయిలో నీళ్లు లేవు. బకెట్లోంచి ముంచి నేను పోస్తున్నాను. నా చేతుల మీద ఒక్క చుక్క లేదు.

హవల్దారు గారూ, దగ్గరున్న మిర్యాలగూడ వదిలి మిమ్మల్ని కోదాడకు ఎందుకు తీసుకుపోయారని ఇన్నేళ్లలో ఎవరినైనా ఒక్కసారి అడిగారా?