మేనత్త ఎక్కించిన గోధుమ రంగు

నిన్న కోదాడలో మా ఇంటి వరండాలో కూర్చుని ఫోనులో ఒక వీడియో చూశాను. ఎవరో అమ్మాయి తోలు పర్సుకు రంగు పూస్తూ, ఒక్క పూత వేస్తే చాలని చెబుతోంది. చాలదని నేను పైకే అనేశాను. చెప్పడానికి నాకున్న అధికారమల్లా, ఒకప్పుడు మా మేనత్త పక్కన కూర్చుని చూసిన పదిహేను రోజులే.

అప్పుడు నాకు చివ్వెంల బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. సూర్యాపేటలో మేనత్త ఇంట్లో ఉండి, రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. మామ చెప్పులు, సంచులు కుట్టేవాడు. ఆ ఇంట్లో అడుగు పెడితే ముందు తోలు వాసన, తర్వాత చాయ్ వాసన వచ్చేవి. కుట్టు పనిలో అత్తది కూడా మంచి చెయ్యే. రంగు మాత్రం మామ ఒక్కడే వేసేవాడు. కూరలో ఉప్పు ఒకరే వెయ్యాలన్నట్టు, ఆ సీసాల జోలికి ఆమెను రానిచ్చేవాడు కాదు.

ఒక పొద్దున మామకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి, చివ్వెంలలో కట్టిన కొత్త చర్చి ప్రారంభానికి పదిహేను రోజులే ఉంది. అక్కడి పెద్ద బైబిలుకు తోలు అట్ట చేస్తానని మామ ఒప్పుకున్నాడు. తోలు ఎంచి, కొలిచి, కోసి కూడా పెట్టాడు. పాస్టరుగారు చూడటానికి వచ్చి, ఇబ్బంది పడొద్దనీ, హైదరాబాదు నుంచి తెప్పిస్తామనీ అన్నారు. అత్త తల అడ్డంగా ఊపింది.

"ఆయన కోసిన తోలు అయ్యగారూ. రంగు నేనేస్త," అంది.

అలాంటి ముక్క ఇంట్లో ఇంకొకటి లేదు. అందుకని ముందు కోతలో మిగిలిన తుంపు ముక్కల మీద ప్రయత్నించింది. మొదటి ముక్క మీద అక్కడక్కడా రంగు అంటనే లేదు. రెండోదాని మీద గుడ్డ ఆగిన చోటల్లా నల్లటి చారలు పడ్డాయి. రంగు చిక్కగా కలిపి మూడోది చేస్తే మాడిన రొట్టెలా తయారైంది. మంచం మీద నుంచి మామ చూసి కళ్ళు మూసుకున్నాడు. అత్త ఆ రోజు అన్నం తినలేదు గాని, మర్నాడు నాకు బడి సెలవని తెలిసి, మిర్యాలగూడ బస్సు ఎన్నింటికని అడిగింది.

మిర్యాలగూడలో తోలు పని చేసే ఒక ముసలి సాహెబు ఉండేవాడు. మామకు పాత స్నేహితుడు. అత్త తెచ్చిన ముక్కలను ఆయన తిప్పి తిప్పి చూశాడు, తర్వాత ఆమె అరచేతులు చూపించమన్నాడు.

"గీ చేతులతోనే తలకు నూనె రాస్కుంటవా బేటీ? నూనె తగిలిన కాడ రంగు దిగదు. ఇగ పల్చగ కలుపు. నాలుగు పూతలు పడ్తయ్. పరేషాన్ కావద్దు."

మిగిలిన పది రోజులూ అత్త తలకు నూనె పెట్టలేదు. జుట్టు గడ్డివామిలా లేచిపోతే, పక్కింటివాళ్ళు దిగులుతోనే ఇలా అయిపోయిందా అని నన్ను చాటుగా అడిగేవాళ్ళు. ఆమె మాత్రం దొరికిన తుంపు ముక్కలన్నీ అయిపోయేదాకా పూసి పూసి చూసింది.

అసలు ముక్కకు పూసే పొద్దున మామ మంచాన్ని తనకెదురుగా జరిపించింది. ముందు స్పిరిట్‌తో తోలంతా తుడిచి ఆరనిచ్చింది. స్పాంజితో అంతటా సమంగా తడి చేసింది. పల్చటి రంగులో గుడ్డ ముంచి పిండి, సున్నాలు చుడుతున్నట్టు మొదటి పూత వేసింది. మధ్యలో గ్యాసు బండ అతను వచ్చి పిలిచినా చెయ్యి ఆపలేదు. నేనే పరిగెత్తాల్సి వచ్చింది. తిరిగి వచ్చి చూస్తే పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. ఇదీ పాడైందనుకున్నాను. అత్త దాన్ని నీడలో ఆరబెట్టి, రెండోది నిలువుగా, మూడోది అడ్డంగా, నాలుగోది మళ్ళీ సున్నాలుగా పూసింది. ప్రతి పూతా ఆరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి తెల్లగుడ్డకు రంగు అంటడం మానేదాకా రుద్దింది. పాస్టరుగారి చేతులకు అంటకూడదు కదా.

దాన్ని మామ ఒళ్ళో పెట్టింది. ఆయన ఎడమచేత్తో తడిమాడు. కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చాలాసేపు చూశాడు. మాట కూడదీసుకుని, "అంచులు," అన్నాడు.

కోసిన అంచులు తెల్లగానే ఉండిపోయాయి. ఇంటికొచ్చాక ఆయన స్పష్టంగా అన్న మొదటి మాట అది. అత్త నవ్వబోయి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, పుల్లకు గుడ్డ చుట్టి, అంచులకు రంగు పట్టించడానికి కూర్చుంది.

చర్చి ప్రారంభం రోజు ప్రసంగం ఆమె విన్నట్టు లేదు. కిటికీలోంచి ఎండ అట్ట మీదికి జరిగినప్పుడల్లా మచ్చ కనబడుతుందేమోనని మెడ చాచి చూసింది. కనబడలేదు. తర్వాత మూడేళ్ళు మామ ఆమె పక్కన కూర్చుని ఒక్కో మాటతో తప్పులు దిద్దాడు. ఆయన పోయాక ఆమె ఒక్కతే సంచులు చేసింది, చిలుకూరు ఆడవాళ్ళలో కొందరికి నేర్పింది కూడా. ఇప్పుడు ఆమె కూడా లేదు.

నేను ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఆ ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఆ పదిహేను రోజులను మాత్రం ఒక్కొక్కటిగా చెప్పగలను.