హట్టిలోకి రాయి తెచ్చినవాణ్ణి

ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. హట్టి బంగారు గనిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఉప్పునీటి చేపలు పెంచేవాళ్ల ఫోన్ గ్రూపులో నేనొక ప్రశ్న పెట్టాను. నా తర్వాత చేరినవాళ్లు ‘శుభోదయం’ అంటే గ్రూపంతా పూలు పంపింది. నా ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ సరైన జవాబు లేదు.

గని టైం ఆఫీసులో నా పని, ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారో చూడటం. అందరి హాజరూ నా చేతిలో ఉండేది. నేనున్నానో లేదో చూసే మనిషి లేడు. రాయచూరులో బట్టల కొట్టు నడిపే మా అన్న ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి, నేను చెప్పేలోపు గిరాకీ వచ్చిందని పెట్టేసేవాడు (ఏం తిన్నానో ఇప్పటికీ అడగలేదు). అలాంటి సమయంలో నాకు సముద్రపు చేపల అద్దాల తొట్టి మీద మనసు పోయింది. సముద్రం మాకు ఏ దిక్కున చూసినా దూరమే కానీ, దాని ఉప్పు ప్యాకెట్లలో దొరుకుతుంది. తొట్టిలో ముందే చేపలు వేయకూడదనీ, సముద్రంలో నాని వచ్చిన రాయి పెట్టి ఓపిక పడితే దాని బొరియల్లోంచి చిన్న చిన్న ప్రాణులు వాటంతటవే వస్తాయనీ హైదరాబాదులో పెంపుడు చేపలమ్మే కొట్టతను చెప్పాడు. అతని దగ్గరే అలాంటి రాయి కొని, తడి గోనెపట్టాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, లింగసుగూరులో బస్సు మారి తెచ్చుకున్నాను. హట్టిలోంచి రాయి బయటికి తీసుకుపోయేవాణ్ణి పట్టుకోవడానికి మనుషులున్నారు. లోపలికి తెచ్చేవాణ్ణి పట్టించుకునేవాడే లేడు.

కొన్నాళ్లకు తొట్టి అద్దం మీద గోరంత నక్షత్ర చేపలు పాకాయి. ఒళ్లంతా నూగున్న పురుగొకటి తల బయటపెట్టింది. గ్రూపుకు ఫోటోలు పంపితే స్పష్టంగా లేవన్నారు. ఆ తర్వాత ఒక బొరియలోంచి ‘టిక్’మని చప్పుడు మొదలైంది, ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు. రెండు మీసాలు తప్ప ఏమీ కనపడవు. చప్పుడు రికార్డు చేసి, ఇది ఏ ప్రాణి అని అడిగాను. ‘రొయ్య అయి ఉండవచ్చు’ అన్నాడొకాయన. అయి ఉండవచ్చట. నేను హాజరు పట్టీలో ‘వచ్చి ఉండవచ్చు’ అని రాస్తే ఊరుకుంటారా? ఏ రొయ్య అని తిరిగి అడిగాను. చూశాడు, బదులివ్వలేదు.

మా గోడ పక్క క్వార్టరులో డ్రిల్లు మామ ఉండేవాడు (గనిలో డ్రిల్లు పట్టే మనిషి, సరిహద్దు అవతలి తెలుగు పల్లెవాడు, ఊరందరికీ మామ). రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాడు. మా మధ్య పలకరింపు లేదు. ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన సెక్యూరిటీ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఇంట్లో చేరాక నా తలుపు తట్టిన మొదటి మనుషులు వాళ్లే. సంతోషంతో టీకి పాలు పెట్టాను.

“ఏంది తమ్మీ, పగలంత రాయి కొట్టుకుంట కూసుంటవు? ఏడికెళ్లి తెచ్చినవ్, తియ్యి ఇట్ల,” అన్నాడు మామ.

అప్పుడర్థమైంది. నేను గనిలోంచి బంగారు రాయి ఎత్తుకొచ్చి ఇంట్లో పగలగొడుతున్నానని ఫిర్యాదు. నీలం లైటు కింద తడిగా మెరుస్తున్న రాయిని చూసి సెక్యూరిటీ మనిషి, ఇంత అలంకారంగా దాచినవాణ్ణి ఇంతవరకు చూడలేదని కన్నడంలో అన్నాడు. లోపల ప్రాణి ఉందన్నాను. “రాయిలనా?” అన్నాడు మామ, నా మీద జాలిపడి. ఏ ప్రాణి అన్నారు. చెప్పలేకపోయాను (గ్రూపువాళ్లు జవాబిచ్చి ఉంటే నాకా తలవంపు ఉండేదా?). కుర్చీలు లేక ముగ్గురం నేల మీద కూర్చుని చప్పుడు కోసం కాచుకున్నాం. గోడ దాటి వినపడిన ప్రాణి, మనుషులు చేరేసరికి నోరు మూసుకుంది. టీలు అయిపోయాయి. మామ విసుగ్గా అద్దం మీద గోటితో ఒక్కటిచ్చాడు.

లోపలినుంచి ‘టిక్’మంది.

మళ్లీ కొట్టాడు. మళ్లీ పలికింది. మామ మొహం మారిపోయింది.

“గని లోపల రాయి కూలితే మేం గిట్లనే కొట్టి అడుగుతం, అవతల మనిషున్నడా అని,” అన్నాడు. “గిది ఉన్ననంటున్నది.”

ఫిర్యాదు అక్కడితో సరి. ఆ తర్వాత చప్పుడుకు నిద్ర చెడినప్పుడల్లా మామ అటునుంచి గోడ మీద ఒకటి కొట్టేవాడు. ఇటునుంచి నేనొకటి కొట్టేవాణ్ణి. మా పలకరింపంతా అదే. ఆయన రిటైరయ్యే రోజు నాకు తెలుసు, చెప్పి వెళతాడనుకున్నాను. నేను డ్యూటీలో ఉండగా సామాను ఎక్కించుకుని ఊరికి పోయాడు. అది నేను మరిచిపోలేదు.

ఇప్పుడు రాయచూరులో ఉంటున్నాను. రాయి నాతోనే ఉంది. అదే ప్రాణో, దాని వారసుడో, ఇంకా పలుకుతోంది. గోడకు చెవి ఆనించి వంతు కోసం కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. గ్రూపు పెద్దలారా, రొయ్యే అనుకుందాం, ఏ రొయ్య? మామా, మీ సంగతి వేరు. మీరు వెళ్లిన సాయంత్రం నేను గోడ మీద ఒకటి కొట్టాను. హాజరు కోసం అందరికీ ఇచ్చిన నా ఫోన్ నంబరు మీ దగ్గరా ఉంది. వంతు మీది. బదులివ్వండి.