పదకొండు ఒకట్లు

మా లెక్కల మాస్టారు పోయారని గురజాల నుంచి ఫోను వచ్చేసరికి నేను తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నరసరావుపేటలో నేనూ లెక్కల టీచర్నే. ఈ అన్నం ఆయన పెట్టిందే.

మాస్టారు ఎర్రసిరా వాడేవారు కాదు. తప్పు జరిగిన అంకె పక్కన పెన్సిలుతో సన్నగా ఒక చుక్క పెట్టి, నోటుబుక్కు మన చేతికి ఇచ్చేసేవారు. తప్పేమిటో చెప్పమని బతిమాలినా లాభం లేదు. "చేసినోళ్ళే చూసుకోవాల. నేను దిద్దితే లెక్క నాకొచ్చినట్టు, నీకు కాదు" అనేవారు.

రిటైరయ్యాక ఆయన ఒక పెద్ద సంఖ్య వెంట పడ్డారు. పదకొండు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్య అది. ఒకటీ, తనూ కాకుండా దాన్ని ఇంకేదైనా నిశ్శేషంగా భాగిస్తుందా? అది తేల్చాలి. ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటే తీసుకుని, నోటుబుక్కుల మీద నోటుబుక్కులు, పేజీకో భాగహారం చేసుకుంటూ పోయారు. ఇంటికి ఎవరొచ్చినా ఒకటి చేసి సంతకం పెట్టాల్సిందే, ఆ తర్వాతే కాఫీ. గ్యాసు బండ తెచ్చినతను కూడా తప్పించుకోలేకపోయాడు.

"ఫోన్లో కొడితే క్షణంలో తేలిపోతుంది కదండీ" అన్నానొకసారి.

"ఫోనుకు తెలిస్తే నాకు తెలిసినట్టేందమ్మాయ్? చూసినా నాకు చెప్పమాక" అన్నారు.

మూడేళ్ళ కిందట నా వంతుకు 21649 వచ్చింది. బస్సుకు టైమైపోతోంది. గబగబా భాగించి, శేషం పది అని రాసి, సంతకం గీకి పరుగెత్తాను.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా లెక్క లేకుండానే కాఫీ వచ్చేది. పెద్దాయనకు ఓపిక తగ్గిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగానే అనిపించింది. "ఆ నోటుబుక్కు ఒక్కసారి తిరగెయ్యమ్మాయ్" అనేవారు ప్రతిసారీ. "ఈసారొచ్చినప్పుడు చూస్తానండీ" అనేదాన్ని నేనూ ప్రతిసారీ.

పెద్దకర్మ రోజున మాస్టారి భార్య ఆ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నీకే ఇవ్వమన్నారమ్మా. ఇంకెవర్నీ ముట్టుకోనియ్యలా. ఏముందో నాకూ చెప్పలా. నీ కోసం చానా ఎదురుచూశారు."

అందులో చివరి లెక్క నాదే. తర్వాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆఖరి వరసలో, తొమ్మిది తొమ్ముల ఎనభై ఒకటిలో ఎనిమిదిని తర్వాతి స్థానానికి కలపాల్సింది, నేను ఏడు కలిపాను. ఆ అంకె పక్కన పెన్సిలు చుక్క ఉంది.

ఆయన అన్నేళ్ళు వెతికింది ఆ రోజే దొరికిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. దిద్దుకోవాల్సినదాన్ని నేను గనక, పేజీ నాకే వదిలి కూర్చున్నారు. ఊరందరి పిల్లల తప్పులూ దిద్దేదాన్ని, నా తప్పు చూసుకోవడానికి ఒక్క బస్సు వదులుకోలేకపోయాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

వసారాలోనే కూర్చుని, ఆ లెక్క కిందే మళ్ళీ భాగించాను. ఈసారి శేషం సున్నా. సంతకం పెట్టాను.

అంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మగారు అప్పుడు లోపలికి వెళ్ళి నాకు కాఫీ తెచ్చారు.