ధర్నాకు నడిచిన గాడిద

ఘనపూర్ మండలంలో వరి, పత్తి పండించుకుంటాను. ఊళ్లో నన్ను పటేలా అని పిలుస్తారు. నేను పక్కన లేనప్పుడు గాడిద పటేలు అంటారని నాకు తెలుసు.

ఆ గాడిద మా పొలం గట్టు మీద దొరికింది. మహదేవపూర్ వైపు ఇసుక మోసిందట. ట్రాక్టర్లు వచ్చాక దాన్ని ఎవరో వదిలేశారు. గిట్టలు పెరిగి ముందుకు వంకర తిరిగాయి. మెడకున్న తాడు తోలు కోసుకుని లోపలికి దిగింది. జాలిపడి తెచ్చానని అందరితో చెబుతాను గానీ, అసలు సంగతి వేరు. "దాన్ని గట్లనే ఇడిసిపెట్టొచ్చి బువ్వ ఎట్ల తింటున్నవ్?" అని నా భార్య అడిగితే, అప్పుడు తెచ్చాను.

పశువుల దవాఖానలో తాడు తీసి మందు రాశారు. గిట్టలు మాత్రం ఒక్కసారిగా తీయకూడదట. అప్పుడప్పుడూ కొంచెం కొంచెం కోయించాలి, మానేస్తే మళ్లీ కుంటుతుంది. కోసే మనిషి దొరికాడు, కానీ గాడిద దగ్గరికి రానిస్తేగా. ఎవరు చెయ్యెత్తినా దెబ్బే అనుకుని వణుకుతూ తన్నేది. రోజూ తవుడు గంప పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. నెలలు గడిచాక ఒకరోజు వచ్చి నా భుజం మీద తల ఆనించింది. ఇక నేను తల పట్టుకుంటే చాలు, గిట్టలు కోసే అతనికి కాలు ఇచ్చేది.

ఊరివాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. "వసుదేవుడంతటోడు అవసరం పడి గాడిద కాళ్లు పట్టిండు. నీకేం అవసరం పడ్డది పటేలా?" అనేవాళ్లు. నవ్వేవాణ్ణి గానీ లోపల మండేది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట నా మాటకు విలువ పోయిందనిపించేది.

అందుకే మా చిన్నాయన కొడుకు ఇంటికొస్తే సంబరపడ్డాను. "అన్నా, రోడ్డు కోసం ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఎవ్వడు పట్టించుకుంటలేడు. రేపు ధర్నా జేసి గాడిదకే వినతిపత్రం ఇద్దమనుకుంటున్నం. నువ్వు జర తోలుకరావాలె. నువ్వొస్తెనే అది వస్తది" అన్నాడు. రోడ్డు గుంతలమయమే, అబద్ధం లేదు. కానీ నేను ఒప్పుకున్నది రోడ్డు కోసం కాదు. నలుగురిలో మళ్లీ నిలబడొచ్చని ఒప్పుకున్నాను.

మర్నాడు తాడు నా చేతిలో ఉంది కాబట్టి గాడిద మొరాయించకుండా నడిచింది. చౌరస్తాలో డప్పులు మొదలయ్యాయి. 'అధికారి' అని రాసిన అట్టముక్కను సుతిలి దారంతో మెడకు కట్టారు. మానిన పుండు మీదే సరిగ్గా ఆ దారం పడింది. చూశాను, నోరు తెరవలేదు. ఎవరో పటాకులు కాల్చారు. గాడిద ఒళ్లంతా వణికి, మూత్రం పోసుకుంది. పారిపోలేదు. వచ్చి నా చంకలో మొహం దాచుకుంది.

"సారుకు సిగ్గయితాందిరో" అన్నాడొకడు. జనం విరగబడి నవ్వారు.

నేనూ నవ్వాను. నా చంకలో దాని ముక్కు అదురుతుండగా, అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇంటికొచ్చాక తవుడు పెడితే నా వైపు రాలేదు. "డప్పులకు బెదిరింది, రేపటికి సదురుకుంటది" అన్నాను. నా భార్య దాని మెడకు నూనె రాస్తూ, "డప్పులకు కాదు. అది ఆళ్లను నమ్మి పోలే, నిన్ను నమ్మి పోయింది" అంది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

తర్వాత రోడ్డు బాగుచేశారు. "నీ గాడిద పుణ్యమే పటేలా" అని కనబడిన ప్రతివాడూ మెచ్చుకుంటాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మొన్న గిట్టలు కోసే మనిషి వచ్చాడు. అప్పటికే ఆలస్యమై, అది మళ్లీ కుంటడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ తల పట్టుకోబోయాను. అది బెదురు కళ్లతో వెనక్కి జరిగి గోడకు గుద్దుకుంది. అతను కత్తి కింద పెట్టి, మొహమాటంగా, "పటేలా, జర నువ్వు అవుతలికి పో. నిన్ను జూస్తె బెదురుతాంది" అన్నాడు.

తాడు నా భార్యకిచ్చి, దానికి నా నీడ కూడా కనబడకుండా, నా కొట్టం వెనకాలే నక్కి నిలబడ్డాను. కాసేపటికి గిట్ట కోస్తున్న చప్పుడు వినబడింది. కాలు ఇచ్చింది.